బడి అయ్యాక పిల్లాణ్ణి కొట్లో కూర్చోబెట్టొచ్చా?

తెనాలి_కోడలు:
మాది కిరాణా కొట్టండి. మా వాడు ఆరో తరగతి, పదకొండేళ్ళు. బడి నుంచి రాగానే మా మామయ్యగారు వాణ్ణి గల్లా దగ్గర కూర్చోబెడుతున్నారు, రాత్రి ఎనిమిదిన్నర దాకా. "డబ్బు విలువ, ఓపిక, నలుగురితో మాట్లాడ్డం అన్నీ ఇక్కడే వస్తాయమ్మా, మీ ఆయన్ని ఇట్లానే పెంచా" అంటారాయన. తోటి పిల్లలు వీధిలో ఆడుకుంటుంటే వీడు అటే చూస్తూ చిల్లర లెక్కపెడుతుంటాడు, నాకు మనసొప్పట్లేదు. ఇలా పెరిగినవాళ్ళు చెప్పండి, నిజంగా మంచే జరిగిందా?

వన్‌టౌన్_కుర్రోడు:
మీ మామయ్యగారి మాటే రైటండి. నేను బెజవాడలో నాన్న కొట్లోనే పెరిగా. అరువు ఖాతా రాయడం నా పని, నెలాఖరుకి ఎవరింట్లో బియ్యం కూడా అప్పుమీదే వస్తున్నాయో నాకు తెలిసేది, అందులో ఒకాయన కొడుకు నా క్లాసే, బడిలో ఆ మాట నోట్లోంచి రాకూడదని నాన్న ఒక్కసారి చెప్పారు అంతే. ఒకరి గుట్టు కాపాడ్డం ట్యూషన్‌లో చెప్తారా చెప్పండి. ఇప్పటికీ ఎదుటి మనిషి కష్టంలో ఉన్నాడంటే మొహం చూసి పట్టేస్తా, అది ఆ గల్లా దగ్గర వచ్చిందే.

ఆలేరు_మగ్గం:
అన్నా నీది కొట్టు ముచ్చట, మాది మగ్గం ముచ్చట. మా ఇంట్ల కండెలకు దారం చుట్టుడు, ఆసు పోసుడు, అంటే చీరకు రంగులద్దే ముందు దారాన్ని మేకుల చుట్టు తిప్పుడు, చిన్నప్పటి సంది పిల్లల మీదనే. మా దిక్కు చింతకింది మల్లేశం ఎరుకే కదా, ఒక్క చీరకు ఆసు పొయ్యాలంటే వాళ్ళమ్మ 9 వేల సార్లు చెయ్యి తిప్పాలె, ఆ నొప్పి చూడలేక 1999ల లక్ష్మీ ఆసు యంత్రం చేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. ఇంటి పనిల పెరిగిండు గనుకనే అమ్మ బాధ తెల్సింది, ఒప్పుకుంట. కానీ ఆయన బడి ఆరో తరగతితోనే ఆగింది, ఆ సంగతి ఎవ్వరు పెద్దగ చెప్పరు. ఒక్క మల్లేశం బయటికొచ్చిండు, మా వాడకట్టుల బడి ఇడిచిపెట్టిన మిగతా పోరగాండ్లకు ఓపిక లేదా, గుణం లేదా? అన్నీ ఉన్నయ్, చదువే లేదు.

లెక్కల_టీచర్:
అమ్మా, గుణం సంగతి తర్వాత, ముందు టైము చూడండి. బాల కార్మిక చట్టాన్ని 2016లో మార్చినప్పుడు 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదన్నారు, ఇంటి వ్యాపారంలో సాయం చెయ్యడానికి మాత్రం వీలిచ్చారు, అదీ ప్రమాదం లేని పనైతేనే, బడి వేళలు కాకుండా. 2017 రూల్స్‌లో ఇంకా స్పష్టంగా ఉంది, రాత్రి 7 నుంచి పొద్దున 8 దాకా చేయించకూడదు, రోజుకి మూడు గంటలు దాటకూడదు. మీ వాడి ఎనిమిదిన్నర ఆ లెక్కకి అందట్లేదు. మా క్లాసులో కొట్టు పిల్లలకి నోటిలెక్క భలే వస్తుంది, కానీ మొదటి పీరియడ్‌లోనే కళ్ళు మూతలు పడుతుంటాయి, వాళ్ళని తిట్టబుద్ధి కాదు.

వన్‌టౌన్_కుర్రోడు:
టీచర్ గారూ రూలు సరే, కానీ సాయంత్రం ఏడింటి నుంచే కదండీ బేరాలు, అప్పుడే ఇంకో చెయ్యి కావాలి.

టిఫిన్_సెంటర్_అమ్మాయి:
చెయ్యి కావాలంటే మనిషిని పెట్టుకోవాలి అన్నయ్యా, పిల్లాణ్ణి కాదు. ఇంకోటి ఎవరూ అనట్లేదు. మా టిఫిన్ సెంటర్‌లో తమ్ముడు కౌంటర్‌లో, నేను వెనక ప్లేట్లు కడుగుతూ, వాడికి మాట్లాడే ధైర్యం వచ్చింది, నాకు చేతులు పాసిపోవడం వచ్చింది. పని ఒకటే ఇల్లు ఒకటే, ఎవరికి ఏ పని ఇచ్చారన్న దాన్నిబట్టే మనిషి తయారవుతాడు. అలాగే మా నాన్న నిన్నటి పిండి ఇవాళ్టి దాంట్లో కలపమంటే కలిపేదాన్ని, తప్పని తెలిసినా నోరెత్తేదాన్ని కాదు, అదీ నేర్చుకోవడమే కదా. అక్కా, మీ మామయ్యగారు తూకం దగ్గర ఎలా ఉంటారు? అప్పు అడిగినవాళ్ళతో ఎలా మాట్లాడతారు? మీ వాడు రోజూ చూసేది అదే.

తెనాలి_కోడలు:
తూకంలో ఆయన్ని వేలెత్తి చూపేవాళ్ళు లేరమ్మా, ఆ నమ్మకం నాకుంది. ఏడింటి రూలు ఇవాళే చెప్పాను, మొదట కోప్పడ్డారు, తర్వాత "ఆరున్నరకి పంపించేస్తాలే" అన్నారు. ఆదివారం ఆటకే. మా పాప తొమ్మిదేళ్ళది, తనూ గల్లా దగ్గర కూర్చుంటానంటోంది, దాని గురించి ఆయన ఇంకా ఏమీ అనలేదు, నేను మాత్రం వదలను.