అణు పరికరాలను దొంగచాటుగా వేరే దేశాలకు అమ్మిన పాకిస్తాన్ శాస్త్రవేత్త ఏ.క్యూ. ఖాన్‌ను ముందే ఆపాల్సిందా? వేచి చూడటమే సరైందా?

కృష్ణాతీరం:
2003 అక్టోబర్‌లో 'బీబీసీ చైనా' అనే జర్మన్ ఓడను ఇటలీలోని టరాంటో రేవుకు మళ్లించి వెతికితే, మలేసియాలో తయారై లిబియాకు వెళ్తున్న సెంట్రిఫ్యూజ్ (యురేనియాన్ని బాంబుకు పనికొచ్చేలా శుద్ధిచేసే యంత్రం) భాగాలు దొరికాయి. అమెరికా, బ్రిటన్ నిఘావాళ్లు అప్పటికే కొన్నేళ్లుగా ఖాన్ ముఠాను కనిపెడుతున్నారు. డిసెంబర్‌లో లిబియా నేత గడాఫీ అణు కార్యక్రమం వదిలేస్తున్నామని ప్రకటించాడు. ఓపిక పట్టారు కాబట్టే తీగ లాగితే డొంకంతా కదిలిందని అంటారు. నాకు మాత్రం ఇది మింగుడుపడదు. ఆ కొన్నేళ్లలో చేతులు మారిన సరుకు సంగతేమిటి? లిబియా అప్పగించినవాటిలో బాంబు డిజైన్ కాగితాలు కూడా ఉన్నాయి, అదీ ఇస్లామాబాద్ టైలర్ షాపు కవర్లలో! సెంట్రిఫ్యూజ్‌నైతే ఓడలో పట్టుకోవచ్చు. కాగితానికి ఎన్ని కాపీలు తీశారో ఎలా తెలుస్తుంది?

శారద_వరంగల్:
ముందే దాడి చేస్తే ఒక బ్రోకర్ దొరికేవాడు, మిగతావాళ్లు దుకాణం మార్చేసేవాళ్లు. దుబాయ్‌లో ట్రేడింగ్ కంపెనీ, మలేసియాలో వర్క్‌షాప్, యూరప్‌లో ఇంజినీర్లు. విడివిడిగా చూస్తే అన్నీ మామూలు వ్యాపారాలే. ఇరాక్ 2001లో కొన్న అల్యూమినియం గొట్టాలు సెంట్రిఫ్యూజ్‌లకేనని అమెరికా గట్టిగా వాదించింది. చివరికి అవి రాకెట్ల కోసమని తేలింది. ఈలోపు యుద్ధం జరిగిపోయింది, ఎంతమంది పోయారు! తొందరపాటుకు అదీ ఖరీదు.

కృష్ణాతీరం:
శారద గారూ, ఆ యుద్ధం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ అక్కడ సమాచారమే తప్పు. ఖాన్ విషయంలో సమాచారం ఉంది, కదలడానికి మనసు లేదు. 1975లో ఖాన్ నెదర్లాండ్స్‌లో పనిచేస్తున్నప్పుడే అతన్ని అరెస్టు చేయాలనుకుంటే సీఐఏ వద్దందని నెదర్లాండ్స్ మాజీ ప్రధాని లుబ్బర్స్ 2005లో చెప్పారు. ఆ తర్వాత సోవియట్ సేనలపై అఫ్గాన్ యుద్ధానికి అమెరికాకు పాకిస్తాన్ అవసరం పడింది. 1985 ప్రెస్లర్ సవరణ ప్రకారం సాయం అందాలంటే, పాకిస్తాన్ దగ్గర అణ్వాయుధం లేదని అమెరికా అధ్యక్షుడు ఏటా ధ్రువీకరించాలి. సోవియట్ సేనలు వెనక్కి వెళ్లేదాకా ఆ సంతకం పడుతూనే ఉంది. 1990లో ఆగింది. దీన్ని నిఘా వైఫల్యం అనగలమా?

ఎగుమతుల_డెస్క్:
నేను లైసెన్సుల పనిలో ఉంటాను. అణ్వాయుధాల్లాంటివి, వాటి సరుకు ముఠాల చేతికి పోకుండా దేశాలు చట్టాలు చేయాలన్న భద్రతా మండలి 1540 తీర్మానం 2004లో వచ్చాక మన దేశమూ 2005లో చట్టం చేసింది. స్కోమెట్ జాబితాలోని (ఆయుధాలకూ పనికొచ్చే సరుకుల ఎగుమతి నియంత్రణ జాబితా) వస్తువు బయటికి వెళ్లాలంటే దాన్ని చివరికి ఎవరు వాడతారో కాగితం చూపాలి. ఆ కాగితం అబద్ధమైతే మాకు తెలిసే దారి చాలా తక్కువ. అందుకే నిఘావాళ్లు తమకు తెలిసింది మాకు సకాలంలో చెప్పాలి.

శారద_వరంగల్:
1975 గురించి మీ మాట ఒప్పుకుంటాను, అప్పుడు అతను ఒంటరివాడు. 2000 తర్వాత మాత్రం ముఠా మొత్తాన్నీ చూడకుండా కదలడం తప్పేనంటాను.

కృష్ణాతీరం:
మొత్తం చూశారా మరి? 2004 ఫిబ్రవరి 4న ఖాన్ టీవీలో తప్పు ఒప్పుకున్నాడు, మర్నాడే ముషారఫ్ క్షమాభిక్ష పెట్టేశాడు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అతన్ని నేరుగా ప్రశ్నించడానికి పాకిస్తాన్ ఒప్పుకోలేదు. ఆ కవర్లలోని కాగితాలు ఇంకెవరికి ఇచ్చాడో అడగాల్సిన మనిషి 2021లో చనిపోయాడు.