ఆర్వో వదిలేసే నీళ్లు మిద్దె తోటకు పోస్తే పొదుపా, నష్టమా?

కనిగిరి మిద్దెతోట:
అందరికీ నమస్కారం. మా మిద్దె మీద ముప్పై రెండు కుండీలున్నాయి. వంగ, బెండ, టమాట, నాలుగు గులాబీలు, సగానికి కోసిన డ్రమ్ములో ఒక నిమ్మచెట్టు. ఫ్లోరైడ్ భయంతో ఇంట్లో ఆర్వో, అంటే నీళ్లు శుద్ధి చేసే యంత్రం, పెట్టుకున్నాం. బోరు నీళ్లే దానికి పెడతాం. రోజుకు పన్నెండు లీటర్లు మంచినీళ్లు పడితే, సన్న పైపులోంచి ముప్పై ఆరు లీటర్లు బయటికి పోతున్నాయి. అన్ని నీళ్లు కాలువపాలు కావడం చూడలేక జనవరి నుంచి బకెట్లో పట్టి కుండీకో లీటరు చొప్పున పోస్తున్నాను. లెక్క దాదాపు సరిపోయిందని సంతోషపడ్డాను. మార్చి చివరికొచ్చేసరికి నిమ్మ ఆకుల కొసలు మాడుతున్నాయి, గులాబీ మొగ్గ వేయడం మానేసింది. కుండీల అంచున తెల్లగా పొర కట్టింది. ఇంట్లో ఆవిడ ఆ నీళ్లు ఆపేయమంటోంది. నాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?

పొదిలి రైతు:
అన్నా, ఆపొద్దు. మూడేళ్లుగా మా ఇంటి ఆర్వో నీళ్లు రెండు కొబ్బరిచెట్లకు, ఒక సపోటాకు వదులుతున్నా. ఆకు కూడా వాడలేదు. ట్యాంకరు వస్తే బిందెలు పట్టుకుని పరిగెత్తే ఊళ్లు మనవి. ముప్పై ఆరు లీటర్లు కాలువలో పోయడం పాపం. కొసలు మాడింది ఎండకు. సాయంత్రం పూట పోసి చూడు.

ఒంగోలు లెక్కల టీచర్:
ఎండ దెబ్బకైతే మధ్యాహ్నం మొక్క మొత్తం వాలిపోతుంది, నీళ్లు పోస్తే తెల్లారేసరికి లేచి నిలబడుతుంది. మట్టి తడిగా ఉండగానే, ముదురు ఆకుల కొసల నుంచి మొదలై అంచుల వెంట మాడుతోందంటే ముందు ఉప్పును అనుమానించాలి. మీ దగ్గర టీడీఎస్ మీటరు, అంటే లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చూపేది, ఉందా? బోరు నీళ్లు, ఆర్వో మంచినీళ్లు, ఆర్వో వదిలే నీళ్లు, కుళాయి నీళ్లు నాలుగూ విడివిడిగా కొలిచి చెప్పండి.

కనిగిరి మిద్దెతోట:
పక్కింటి వాళ్ల మీటరు అడిగి తెచ్చాను మేడమ్. బోరు 1,400. ఆర్వో మంచినీళ్లు 100. వదిలే నీళ్లు 1,820. కుళాయి నీళ్లు 320.

ఒంగోలు లెక్కల టీచర్:
మీటరు సరిగ్గానే చెబుతోంది. నాలుగు లీటర్ల బోరు నీళ్లు లోపలికి వెళితే ఒక లీటరు మంచినీళ్లు, మూడు లీటర్లు బయటికి. ఉప్పు ఎక్కడికీ పోదు, ఆ మూడు లీటర్లలోకి చేరుతుంది. నాలుగు పద్నాలుగు వందలు 5,600. అందులో వంద మంచినీళ్లలోకి పోతే మిగిలింది 5,500, దాన్ని మూడుతో భాగిస్తే 1,833. అంటే లీటరుకు 1.8 గ్రాముల లవణాలు. తాగేనీటికి మన దేశ ప్రమాణమే 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేనిచోట 2,000 దాకా ఒప్పుకుంటారు.

ఇప్పుడు కుండీ లెక్క చూడండి. రోజుకు లీటరు, జనవరి నుంచి మార్చి దాకా తొంభై రోజులు. 160 గ్రాములు దాటింది. మొక్క నీళ్లు తాగుతుంది, ఎండ కొన్ని నీళ్లు లాగేస్తుంది, లవణాలు చాలావరకు కుండీలోనే ఉండిపోతాయి. ఇది పూర్తిగా వంటింటి ఉప్పు కాదు, కాల్షియం, మెగ్నీషియం కూడా ఉంటాయి. కానీ వేరుకు దాహం తీరకుండా చేయడానికి అదంతా ఒకటే. రెండు మూడు గుప్పిళ్ల ఉప్పు తెచ్చి గులాబీ మొదట్లో పోయమంటే మీరు పోస్తారా?

పొదిలి అన్న చెప్పింది అబద్ధం కాదు. కొబ్బరి, సపోటా ఉప్పును బాగా తట్టుకుంటాయి. పైగా అవి నేలలో ఉన్నాయి. వేర్లు దూరం పోతాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలు ఆ ఉప్పును కిందికి కడిగేస్తాయి. కుండీలో ఆ దారి లేదు. నిమ్మ, చిక్కుడు, గులాబీ అయితే అస్సలు ఓర్చుకోలేవు.

పొదిలి రైతు:
మేడమ్ లెక్కకు నేను ఎదురు చెప్పను. కానీ నీళ్లు పోయొద్దు అనగానే జనం పైపు కాలువలోకే పెట్టేస్తారు. నా బాధ అది. నేలలో చెట్టున్నవాళ్లయినా వాడుకోవాలి.

ఒంగోలు లెక్కల టీచర్:
వాడుకోవాలి, అందులో నాకు రెండో మాట లేదు. బాత్రూమ్‌లో పోయడానికి, వాకిలి కడగడానికి, బండి మీద బురద వదిలించడానికి ఆ నీళ్లు బంగారం. అక్కడ వాడే మంచినీళ్లు మిగిలితే అవి కుండీలకు పోతాయి. ఇంటి మొత్తం మీద పొదుపు అంతే అవుతుంది.

కావలి తీరం:
మాది సముద్రానికి దగ్గర, బోరు నీళ్లే ఉప్పన. ఈ బాధ మేం ముందే పడ్డాం. నీళ్లు ఆదా అవుతాయని కుండీలకు డ్రిప్ పెట్టాను, గంటకు నాలుగు లీటర్ల డ్రిప్పర్లు. రెండో వేసవికి సగం డ్రిప్పర్ల మూతి దగ్గర సున్నంలా గడ్డకట్టి నీళ్లు ఆగిపోయాయి. విప్పి నిమ్మరసంలో నానబెట్టి సూదితో పొడుచుకుంటూ కూర్చునేవాణ్ని. దానికన్నా పెద్ద పొరపాటు ఇంకొకటి చేశాను. పొదుపు పేరుతో రోజూ కాస్త కాస్త వదిలాను. పైన రెండు అంగుళాలే తడిసేది, ఆ తడి ఎండకు ఎగిరిపోయి ఉప్పు అక్కడే మిగిలేది. ఉప్పు నీళ్ల ఊళ్లో చుక్క చుక్క పోయడం మొక్కకు మేలు కాదు. పోసినరోజు కుండీ అడుగు చిల్లులోంచి కొంచెం కారేదాకా పోయాలి, తర్వాత ఆరేదాకా ఆగాలి.

అలా ఆగాలంటే తడి ఎగిరిపోకూడదు. నాకు వేరుశనగ పొట్టు పనికొచ్చింది. మిల్లు దగ్గర గోతం నిండా తెచ్చి ప్రతి కుండీలో రెండు అంగుళాల మందాన పరిచాను, కాండానికి తగలకుండా చుట్టూ కొంచెం ఖాళీ వదిలాను. మర్నాడు మధ్యాహ్నం వేలు దూర్చి చూశాను. పొట్టు లేని కుండీలో వేలు మొదటి కణుపు దాకా పొడి. పొట్టు పరిచిన దాంట్లో పొట్టు కిందే చల్లగా తగిలింది. ఇంతకుముందు ఏప్రిల్లో రోజూ పోసేవాణ్ని, ఇప్పుడు రెండు రోజులకోసారి పోస్తున్నాను. నల్ల గ్రో బ్యాగులకు పడమటి ఎండ తగలకుండా పాత గోనెసంచులు కట్టాను. నా మటుకు పొదుపంటే ఇదే. మగ్గు చిన్నది చేసుకోవడం కాదు.

నెల్లూరు మల్లెపందిరి:
నాకు తెలిసిన రెండు మంచినీళ్ల దారులు చెబుతాను. ఒకటి ఏసీ నీళ్లు. గాలిలోని తేమే నీరై కారేది, అందులో లవణాలు దాదాపు ఉండవు. మా తీరంలో ఉక్క ఎక్కువ కాబట్టి వేసవిలో రాత్రికి బకెట్ నిండుతుంది. బోరు నీళ్లలో సగానికి సగం కలిపి మల్లెలకు పోస్తాను. రెండోది వాన. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు మిద్దె మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. కొంత నష్టం తీసేసినా, వాయుగుండం పట్టిన ఒక్క రాత్రిలో వెయ్యి లీటర్ల ట్యాంకు నిండిపోతుంది. మొదటి వాన దుమ్ము కడిగి పోనిచ్చి తర్వాతది పట్టాలి. వెలుతురు తగలకుండా మూత బిగిస్తే పాచి పట్టదు, దోమలు చేరవు.

కనిగిరి మిద్దెతోట:
అక్కా, మా ఇంట్లో ఏసీ లేదు. వానలకు ఇంకా ఆరు నెలలుంది.

నెల్లూరు మల్లెపందిరి:
అయితే బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు పట్టి పెట్టు తమ్ముడూ. కుళాయి నీళ్లతో కడిగినవే అయితే నిశ్చింతగా పోయొచ్చు. ఉప్పు వేసి నానబెట్టిన నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు మాత్రం వద్దు.

కనిగిరి మిద్దెతోట:
మరి ఇప్పటికే చేరిన ఉప్పు సంగతి?

ఒంగోలు లెక్కల టీచర్:
కడగాలి. కుండీ ఎంత పరిమాణమో దానికి రెండింతల మంచినీళ్లు నిదానంగా పోస్తే చాలావరకు కిందికి దిగుతుంది. ముందు పైనున్న తెల్ల పొర గీకి పారేయండి.

పొదిలి రైతు:
నిమ్మ డ్రమ్ము వంద లీటర్లది ఉంటుంది. దానికి రెండు వందల లీటర్లా? ఈ ఎండల్లో ఒక నిమ్మచెట్టుకు అన్ని మంచినీళ్లు ఎక్కడ తెస్తాడమ్మా? ఇది నేను ఒప్పుకోను. పెరట్లో నేల ఉంటే వానలు పడ్డాక దాన్ని దించి నాటమనండి.

ఒంగోలు లెక్కల టీచర్:
నిమ్మ విషయంలో మీ మాటే బాగుంది. అప్పటిదాకా పై మట్టి మార్చి, పొట్టు పరిచి, కుళాయి నీళ్లు మాత్రమే పోస్తూ నిలబెట్టుకుంటే చాలు.

కనిగిరి మిద్దెతోట:
ఆర్వో పైపు బాత్రూమ్ డ్రమ్ములోకి మార్చేశాను. కాలువలోకి మాత్రం చుక్క పోనివ్వను పొదిలి అన్నా. నిమ్మకు పై మట్టి రెండు అంగుళాలు తీసి కొత్త మట్టి, మాగిన పశువుల ఎరువు వేశాను. గులాబీలవి చిన్న కుండీలు, పది లీటర్లవి. వాటిని ఒక్కోటీ కడుగుతున్నాను. నిన్న సాయంత్రం మొదటి కుండీ అడుగున పళ్లెం పెట్టి కారిన నీళ్లకు మీటరు పెట్టాను, 3,900 చూపించింది. చూసి కాసేపు మాట రాలేదు, నా చేత్తో పోసిందే అదంతా. ఇవాళ పొద్దున ఇంకో ఎనిమిది లీటర్లు పోశాక 2,600కు దిగింది. ఆ కారిన నీళ్లు కూడా వాకిలి కడగడానికే వాడాం. వెయ్యి లోపుకు వచ్చాక మళ్లీ రాస్తాను.