త్రిత్వం నిజంగా కాన్‌స్టంటైన్ రాజు పెట్టిందేనా? తెలిసినవాళ్ళు చెప్పండి

తెనాలి_తమ్ముడు:
అందరికీ వందనాలు. మా బావగారు ఈమధ్య వేరేచోటికి ప్రార్థనకి వెళ్తున్నారు, ఇంటికొస్తే ఒకటే గోల, త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ కలిసి ఒకే దేవుడు అనేది) అనే మాటే బైబిల్లో లేదు, 325లో నైసియాలో జరిగిన బిషప్పుల సభలో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఓటింగ్ పెట్టి యేసుని దేవుణ్ణి చేశాడు అని. యోహాను 17:3 తీసి చూపిస్తారు, "అద్వితీయ సత్యదేవుడవైన నిన్నును" అని యేసే తండ్రితో అన్నాడు కదా, ఇంక ముగ్గురెక్కడ అంటారు. మా పాస్టర్ గారిని అడిగితే అది మర్మం బాబూ నమ్మాలంతే అన్నారు. నాకు రెండూ ఎక్కట్లేదు.

పాత_పుస్తకాల_పిచ్చోడు:
ఓటింగ్ కథ పక్కన పెట్టేయండి బ్రదర్. నైసియాకి రెండొందల ఏళ్ళ ముందే ఇగ్నేషియస్ అనే బిషప్ తన ఉత్తరాల్లో యేసుని మన దేవుడు అని రాశాడు. క్రైస్తవుడు కాని ప్లినీ అనే రోమన్ గవర్నర్ కూడా వీళ్ళు తెల్లారకముందే కూడి క్రీస్తుని దేవుడిలా పాడుతున్నారని చక్రవర్తికి రిపోర్ట్ పంపాడు. నైసియాలో గొడవ వేరు. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే ప్రెస్బిటర్ (సంఘ పెద్ద), కుమారుడు గొప్పవాడే కానీ తండ్రి చేసినవాడు, ఆయన లేని ఒక దశ ఉంది అన్నాడు. సభ దాన్ని కొట్టేసింది. ఇంకో సంగతి, అదే కాన్‌స్టంటైన్ 337లో చనిపోయే ముందు బాప్తిస్మం తీసుకుంది అరియస్‌ని వెనకేసుకొచ్చిన బిషప్ చేత! కొడుకు కాన్‌స్టాంషియస్ అయితే పూర్తిగా అటువైపే, నైసియా తరఫున నిలబడ్డ అలెగ్జాండ్రియా బిషప్ అథనేషియస్‌ని చక్రవర్తులు మొత్తం ఐదుసార్లు ఊరొదిలించారు. రాజుల ఇష్టమే నడిచుంటే ఇవాళ అందరం అరియస్ పార్టీలో ఉండేవాళ్ళం.

సూటిమాట:
రాజులకి సంబంధం లేదన్నట్టు చెప్పకండి సార్. 380లో థియోడోసియస్ చక్రవర్తి ఆజ్ఞ ఇచ్చాకే కదా త్రిత్వం రాజ్యమతం అయింది, పరిశుద్ధాత్మ గురించి వివరంగా రాసుకుంది కూడా 381లో ఇంకో సభలో, 325లో ఒక్క ముక్కతో సరిపెట్టారు. త్రిత్వాన్ని కాదన్నందుకు 1553లో జెనీవాలో సెర్వెటస్ అనే ఆయన్ని కట్టెకి కట్టి కాల్చారు, కాల్చింది ప్రొటెస్టెంట్లే. వాక్యం మాటకొస్తే "తండ్రి నాకంటె గొప్పవాడు" అని యోహాను 14:28లో ఉంది, యేసు తిరిగొచ్చే ఆ దినం సంగతి కుమారుడికి కూడా తెలీదని మార్కు 13:32లో ఉంది. పాత ఇంగ్లిష్ బైబిల్లో 1 యోహాను 5:7 దగ్గర పరలోకంలో ముగ్గురు సాక్షులు అని ఉండేది, పాత గ్రీకు ప్రతుల్లో లేదని తేలింది, మన తెలుగు బైబిల్ తీసి చూడండి అక్కడ ఆత్మ, నీళ్ళు, రక్తమే ఉంటాయి.

మేరీ_ఆంటీ:
ముందు బావగారు ఎక్కడికి వెళ్తున్నారో కనుక్కో నాయనా. త్రిత్వం వద్దనేవాళ్ళంతా ఒకటి కాదు. యేసు నామంలోనే బాప్తిస్మం ఇచ్చే ఏకత్వం వాళ్ళు తండ్రీ యేసే, ఆత్మా యేసే అంటారు, వాళ్ళు యేసుని తగ్గించరు, ఇంకా పైకెత్తుతారు. 17:3 ఇలా వాడేది వాళ్ళు కాదనిపిస్తోంది.

కలకత్తా_మెయిల్:
మన దేశంలో ఈ గొడవ 1820ల్లోనే పెద్ద ఎత్తున అయింది. రామమోహన్ రాయ్ యేసు బోధలు మాత్రం ఏరి పుస్తకం వేస్తే శ్రీరాంపూర్ మిషనరీ మార్ష్‌మన్ ఎదురు రాశాడు, ఈయన జవాబు మీద జవాబు. చివరిదాన్ని బాప్టిస్ట్ ప్రెస్ వేయనంటే రాయ్ సొంత ప్రెస్సే పెట్టుకున్నాడు. ఇందులో తమాషా విలియం ఆడమ్ అనే బాప్టిస్ట్ మిషనరీది, రాయ్‌తో పనిచేస్తూ చేస్తూ తనే యూనిటేరియన్ (త్రిత్వం కాదు, దేవుడు ఒక్కడే అనేవాడు) అయిపోయాడు. ఆడమ్ అంటే ఆదామే కదా, జనం "పడిపోయిన రెండో ఆదాము" అని పేరు పెట్టారు 😀

తెనాలి_తమ్ముడు:
కనుక్కున్నా ఆంటీ, రాజ్యమందిరం అంట, యెహోవాసాక్షులు.

మేరీ_ఆంటీ:
అనుకున్నా. 17:3 దగ్గర ఆపకుండా 17:5 దాకా చదవమని మనవాళ్ళు చెప్తుంటారు, లోకం పుట్టకముందే నీ దగ్గర నాకున్న మహిమ అని యేసు అడిగేది. కానీ మీ బావ దానికి తడుముకోడు, సాక్షులు కూడా యేసు ముందునుంచే ఉన్నాడంటారు, దేవుడు చేసిన మొదటివాడిగా. అంటే పైన చెప్పిన అరియస్ దగ్గరికే వచ్చాం. కాబట్టి నువ్వు శిష్యుడు తోమా దగ్గర మొదలెట్టు, యోహాను 20:28, తోమా యేసుతో "నా ప్రభువా, నా దేవా" అన్నప్పుడు యేసు ఎందుకు సరిదిద్దలేదో అడుగు. భోజనాలయ్యాక అడుగు, ముందు వద్దు.