రెండు నెలల్లో టీఎస్‌హెచ్ 6.8 నుంచి 0.29కి పడిపోయింది, ఏ రిపోర్ట్ నమ్మాలి?

నెల్లూరు అమ్మాయి

అందరికీ నమస్కారం. నాకు 33 ఏళ్లు, ఒక బాబు, వాడికి నాలుగేళ్లు. ఆరేడు నెలలుగా జుట్టు విపరీతంగా ఊడుతోంది, దువ్వెనకి ఉండలు ఉండలుగా వస్తోంది, పొద్దున లేచేసరికే నీరసం. ఫిబ్రవరిలో మా వీధి చివర ల్యాబ్‌లో థైరాయిడ్ పరీక్ష చేయిస్తే థైరాయిడ్ హార్మోన్లు టీ3, టీ4 బాగానే ఉన్నాయి, టీఎస్‌హెచ్ మాత్రం 6.8 వచ్చింది, రిపోర్ట్‌లో రేంజ్ 0.4 నుంచి 4.2 అని ఉంది. డాక్టర్ గారు చూసి ఇప్పుడే మాత్ర వద్దమ్మా, రెండు మూడు నెలలాగి మళ్లీ చూద్దాం అన్నారు.

మొన్న ఏప్రిల్‌లో ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్ వాళ్ల దగ్గర చేయించాను. టీఎస్‌హెచ్ 0.29! ఫ్రీ టీ4 1.8 (వాళ్ల రేంజ్ 0.9 నుంచి 1.7), ఫ్రీ టీ3 కూడా పై హద్దు దాటింది. నెట్‌లో వెతికితే ఇది హైపర్ థైరాయిడ్ (థైరాయిడ్ అతిగా పనిచేయడం) అంటోంది. ఫిబ్రవరిలో హైపో (థైరాయిడ్ మందగించడం) అంచున ఉన్నదాన్ని ఒక్క మాత్ర కూడా వేసుకోకుండా ఏప్రిల్‌కి హైపర్ ఎలా అయిపోతాను? గుండె దడ లేదు, చేతులు వణకడం లేదు, బరువు తగ్గకపోగా కిలో పెరిగాను. మావారేమో శాంపిళ్లు తారుమారయ్యాయంటారు, అత్తయ్య గారేమో పరగడుపున ఇవ్వలేదు కదా, అందుకే అంటారు (టీ తాగి రెండు బిస్కెట్లు తిన్న మాట నిజమే). డాక్టర్ గారు ఊళ్లో లేరు, పది రోజులు పడుతుంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు, ఎవరికైనా ఇలా అయిందా?

పన్నెండేళ్ల థైరాయిడ్

చెల్లీ, ముందు కంగారు పడకు. పన్నెండేళ్లుగా మాత్ర వేసుకుంటున్నాను, ఎన్ని రిపోర్టులు చూశానో లెక్కలేదు. టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథిలో తయారయ్యేది కాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే హుకుం అది. థైరాయిడ్ మందకొడిగా ఉంటే హుకుం గట్టిపడుతుంది, టీఎస్‌హెచ్ పెరుగుతుంది. థైరాయిడ్ అతిగా పనిచేస్తే తగ్గిపోతుంది. రోజులో కూడా ఇది ఒకేలా ఉండదు, రాత్రి ఎక్కువ, మధ్యాహ్నానికి తగ్గుతుంది, తిన్నాక కూడా కాస్త తగ్గుతుంది. అందుకే నేను ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో పొద్దున్నే ఇస్తాను. కానీ టీ, బిస్కెట్లకి 6.8 కాస్తా 0.29 అవ్వదు, మీ అత్తగారికి ఆ మాట నెమ్మదిగా చెప్పు. గ్రంథి వాచినప్పుడు నిలవున్న హార్మోన్ ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి కొన్నాళ్లు హైపర్‌లా కనిపించడం ఉంటుంది. మెడ ముందు నొప్పి గానీ, ఈ మధ్య జ్వరం గానీ వచ్చాయా?

ల్యాబ్ మనిషి, గుంటూరు

నేను పదిహేనేళ్లుగా ల్యాబ్‌లో పని చేస్తున్నానండి, డాక్టర్‌ని కాను. శాంపిల్ మారే అవకాశం లేదనను గానీ దానికన్నా ముందు ఒక ప్రశ్న అడగాలి. జుట్టు కోసం ఏమైనా మాత్రలు వాడుతున్నారా? ఫిబ్రవరి పరీక్ష తర్వాత మొదలుపెట్టినవి?

ఇంకో సంగతి, మొదటి రిపోర్ట్‌లో ఉన్నవి మొత్తం టీ3, టీ4 అనుకుంటాను, రెండోది ఫ్రీ. మొత్తం అంటే ప్రొటీన్లకు అతుక్కుని తిరిగే హార్మోన్‌తో కలిపి, ఫ్రీ అంటే విడిగా ఉండి శరీరానికి పనికొచ్చే ఆ కొంచెం. గర్భంతో ఉన్నా, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా ఆ ప్రొటీన్ పెరిగి మొత్తం టీ4 ఎక్కువ చూపిస్తుంది, మనిషికి ఏ జబ్బూ లేకపోయినా. కాబట్టి ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకండి. టీఎస్‌హెచ్‌ని పోల్చవచ్చు, ల్యాబు మారితే కొంచెం తేడా వస్తుంది, కానీ ఇంత రాదు.

నెల్లూరు అమ్మాయి

అక్కా, నొప్పి, జ్వరం ఏమీ లేవు. అన్నయ్యా, అవును! మార్చి నుంచి మా చిన్నాడపడుచు చెప్పిందని బయోటిన్ వేసుకుంటున్నాను, డబ్బా మీద 10,000 మైక్రోగ్రాములు అని ఉంది. రక్తం ఇచ్చిన రోజు కూడా టీతో పాటు వేసుకున్నాను. అది విటమినే కదా, దానికీ థైరాయిడ్‌కీ ఏమిటి సంబంధం?

ల్యాబ్ మనిషి, గుంటూరు

మీ థైరాయిడ్‌తో సంబంధం లేదమ్మా, మా మెషిన్‌తో సంబంధం. మనిషికి రోజుకి కావలసింది సుమారు 30 మైక్రోగ్రాములు, మీరు వేసుకుంటున్నది దానికి మూడు వందల రెట్ల పైన.

కొన్ని కంపెనీల కిట్లలో టీఎస్‌హెచ్‌ని పట్టుకునే యాంటీబాడీకి ముందే బయోటిన్ తగిలించి ఉంటుంది. మెషిన్‌లో సన్నటి పూసలుంటాయి, వాటి మీద స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, బయోటిన్ దొరికితే అది ఇక వదలదు. అలా టీఎస్‌హెచ్ యాంటీబాడీతో సహా పూసకి అతుక్కుంటుంది, మిగతాదంతా కడిగేసి పూసల మీద నిలిచినదాన్ని అక్కడ వచ్చే వెలుగుని బట్టి మెషిన్ కొలుస్తుంది. ఇప్పుడు మీ రక్తంలోనే మాత్రల బయోటిన్ బోలెడంత తేలుతుంటే అదే ముందు వెళ్లి పూసల మీద కూర్చుంటుంది, టీఎస్‌హెచ్‌కి చోటు దొరకక నీళ్లతో కొట్టుకుపోతుంది. అందుకని తక్కువ చూపిస్తుంది. ఫ్రీ టీ4, ఫ్రీ టీ3 పరీక్షల్లో లెక్క తిరగబడి ఉంటుంది, పూసల మీద వెలుగు ఎంత తగ్గితే హార్మోన్ అంత ఎక్కువున్నట్టు. అక్కడ అదే బయోటిన్ వల్ల ఎక్కువ చూపిస్తుంది. టీఎస్‌హెచ్ తక్కువ, టీ4, టీ3 ఎక్కువ, థైరాయిడ్‌ని అతిగా పనిచేయించే గ్రేవ్స్ జబ్బు రిపోర్టులా అచ్చం కనిపిస్తుంది. గ్రేవ్స్ కోసం చేసే యాంటీబాడీ పరీక్ష కూడా ఇదే పద్ధతి కిట్‌తో చేస్తే తప్పుగా పాజిటివ్ రావచ్చు, అప్పుడు లేని జబ్బుకి మందులు మొదలవుతాయి. అన్ని మెషిన్లూ ఈ పద్ధతివి కావు, అందుకే ఒక ల్యాబ్‌లో ఒకలా, ఇంకో ల్యాబ్‌లో ఇంకోలా వస్తుంది.

ఇది చిన్న విషయం కాదు. 2017 నవంబరులో అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని గురించే హెచ్చరిక ఇచ్చింది, గుండెపోటు తెలుసుకునే ట్రోపోనిన్ పరీక్ష కూడా బయోటిన్ వల్ల తక్కువ చూపించి ఒక మనిషి చనిపోయిన సంగతి అందులో ఉంది. రక్తం తీసేవాళ్లు ఈ ప్రశ్న అడగాలి, చాలాచోట్ల అడగరు, అదే నా బాధ.

కనీసం రెండు రోజులు ఆపాలంటారు, మీ డోసుకి నేనైతే వారం ఆపి ఇవ్వమంటాను. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 చాలు, డాక్టర్ గారు సరేనంటే వాటితో పాటు యాంటీ టీపీఓ (థైరాయిడ్‌ మీద దాడి చేసే యాంటీబాడీల పరీక్ష). డెబ్బై పరీక్షల ప్యాకేజీ అక్కర్లేదు.

ఇద్దరు పిల్లల తల్లి

బయోటిన్ మాట నిజమే గానీ ఒక్క టీఎస్‌హెచ్ చూసి తేల్చేయకండి, ఫ్రీ టీ4 తప్పకుండా చేయించండి. మా అక్కకి రెండో కాన్పులో రక్తం చాలా పోయింది. పాలు పడలేదు, తర్వాత నెలసరి రాలేదు, ఎప్పుడూ చలి, మంచం దిగలేనంత నీరసం. ఎక్కడికెళ్లినా టీఎస్‌హెచ్ ఒక్కటే రాసేవారు, అది 2.1, 2.4 అలా వచ్చేది, థైరాయిడ్ నార్మల్, రక్తం తక్కువ అని ఐరన్ మాత్రలిచ్చి పంపేవారు. నాలుగేళ్లు అలాగే గడిచాయి. చివరికి ఒక ఎండోక్రైనాలజిస్ట్ గారు కాన్పు సంగతి అడిగి తెలుసుకుని ఫ్రీ టీ4, పొద్దున్నే కార్టిసాల్ (ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్) చేయిస్తే రెండూ బాగా తక్కువ. రక్తస్రావం వల్ల పిట్యూటరీయే దెబ్బతింది, షీహాన్ సిండ్రోమ్ అన్నారు. హుకుం పంపేదే పడకేస్తే టీఎస్‌హెచ్ ఎక్కడ పెరుగుతుంది? ముందు స్టెరాయిడ్ మాత్ర ఇచ్చి ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు, వరస మారితే ప్రాణం మీదకొస్తుందట. ఇప్పుడు అక్క తన పని తాను చేసుకుంటోంది. ఆ నాలుగేళ్లు గుర్తొస్తే నాకు ఇప్పటికీ కన్నీళ్లొస్తాయి.

నెల్లూరు అమ్మాయి

మీ అక్కగారి గురించి చదివి చాలాసేపు అలాగే ఉండిపోయానండి. ఆవిడ ఇప్పుడు బాగున్నందుకు సంతోషం.

నిన్న రిపోర్ట్ వచ్చింది. తొమ్మిది రోజులు బయోటిన్ ఆపి అదే ల్యాబ్‌లో పొద్దున ఏడున్నరకి ఇచ్చాను. టీఎస్‌హెచ్ 6.1, ఫ్రీ టీ4 1.1, యాంటీ టీపీఓ పాజిటివ్, అదీ బాగా ఎక్కువ. డాక్టర్ గారు రెండో రిపోర్ట్‌ని పెన్నుతో కొట్టేసి పక్కన బయోటిన్ అని రాశారు. మన రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ మీద పడుతోందని, హాషిమోటో అంటారని, 6.1 ఒక్కటే అయితే ఇంకా చూసేవాడినని అన్నారు. రెండో బిడ్డ ఆలోచన ఉందా అని అడిగారు, ఉందని చెప్పాను. మొదటి నెలల్లో బిడ్డ మెదడుకి తల్లి హార్మోనే ఆధారం కాబట్టి థైరాయిడ్ మాత్ర 25 మైక్రోగ్రాములతో మొదలుపెడదామన్నారు. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని గంట దాకా టీ, కాఫీ వద్దన్నారు. ఐరన్, కాల్షియం మాత్రలైతే నాలుగు గంటల తేడా ఉండాలట. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ పరీక్ష.

అన్నయ్యా, ఒక్కటి అడగడం మర్చిపోయాను. ఆరోజు పొద్దున మాత్ర వేసుకుని రక్తం ఇవ్వాలా, ఇచ్చి వేసుకోవాలా? ఆరు వారాలు ఎందుకు, నెలకే చేయించుకోకూడదా?

ల్యాబ్ మనిషి, గుంటూరు

ఇచ్చాకే వేసుకోండి. మాత్ర వేసుకున్న కొన్ని గంటల దాకా ఫ్రీ టీ4 కాస్త ఎక్కువ చూపిస్తుంది. మాత్రని చిన్న డబ్బాలో పెట్టుకుని ల్యాబ్‌కి తీసుకెళ్లండి, చాలామంది ఇంటికెళ్లి మర్చిపోతారు. ఇక ఆ మందులో సగం ఒంట్లోంచి పోవడానికే వారం పడుతుంది, అంటే మోతాదు నిలకడకి రావడానికి నాలుగైదు వారాలు, దానికి తగ్గట్టు పిట్యూటరీ సర్దుకోవడానికి మరికొంత. నెలకే చేస్తే సగం దారిలో ఉన్న అంకె వస్తుంది. కానీ ఈలోగా నెల తప్పితే మాత్రం ఆగకండి, ఆ వారమే డాక్టర్ గారికి ఫోన్ చేసి పరీక్ష చేయించుకోండి.