30 ఏళ్లు పట్టించుకోని భర్త ముందు భార్యను నిలబెట్టిన అక్కది తప్పా?

పాఠకురాలు:
మాక్సీన్ హాంగ్ కింగ్‌స్టన్ 1976లో రాసిన 'ది వుమన్ వారియర్'లో ఒక అధ్యాయం నన్ను వదలడం లేదు. చదవనివాళ్ల కోసం కథ చెప్తాను. మూన్ ఆర్కిడ్ భర్త ఆమెను వదిలి అమెరికా వెళ్లి, డాక్టరై, అక్కడే మరో పెళ్లి చేసుకున్నాడు. హాంకాంగ్‌లో ఉన్న ఈమెకు డబ్బు పంపుతూనే ఉన్నాడు గానీ 30 ఏళ్లలో ఒక్కసారీ రమ్మనలేదు. కాలిఫోర్నియాలో ఉంటున్న అక్క బ్రేవ్ ఆర్కిడ్ చివరికి ఆమెను పిలిపించి, "మొదటి భార్యవి నువ్వు, వెళ్లి నీ స్థానం అడుగు" అని లాస్ ఏంజెలెస్ తీసుకెళ్తుంది. భర్త కాదు పొమ్మంటాడు. తర్వాత ఆమెకు మతి చెదురుతుంది, మానసిక చికిత్సాలయంలోనే ప్రాణం పోతుంది.

భర్త చేసింది ద్రోహమే, అందులో వాదనేం లేదు. కానీ ఆమెను పగలగొట్టింది మాత్రం అక్క అంటాను. పంపిన డబ్బుతో, తన కూతురితో, ఎలాగో ఒక బతుకు అమర్చుకున్న మనిషి ఆమె. వెళ్లడానికి భయపడుతూనే ఉంది. భార్య అంటే ఇలా నిలబడాలి అన్న అక్క పట్టుదలకు ఆ భయం కనిపించలేదు.

తెరచాప:
ఒప్పుకోనండి. డబ్బు పంపాడు కాబట్టి బతుకు అమరిందంటున్నారు. ఆ డబ్బే కదా ఆమెను కట్టిపడేసింది? రమ్మనడు, తెంచుకోడు. పూర్తిగా మానేసి ఉంటే కనీసం కోపమైనా వచ్చేది, ఇంకో దారి చూసుకునేది. పైగా ఎదురుపడ్డప్పుడు అతను చెప్పే కారణం చూడండి: ఇంటికి అమెరికన్ అతిథులు వస్తారట, ఆమె వాళ్లతో మాట్లాడలేదట! ఈ మాట అన్నవాణ్ణి వదిలేసి అక్క మీద పడటం నాకు మింగుడు పడటం లేదు.

పాత అలమర:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. 1882 చట్టంతో అమెరికా చైనా కూలీల రాకను ఆపేసింది, 1943 దాకా అది రద్దు కాలేదు. అంతకుముందు 1875లో వచ్చిన పేజ్ చట్టం చైనా ఆడవాళ్ల రాకను చాలావరకు అడ్డుకుంది. మగవాళ్లు అమెరికాలో, పెళ్లాలు చైనాలో అన్నది తరాలపాటు మామూలైపోయింది. ఎదురుచూడటమే భార్యకు మర్యాద అనే ఆలోచన అలా గట్టిపడింది. అక్క తలలో ఉన్నది అదే. దీంతో ఈ డాక్టరుకు మినహాయింపు మాత్రం రాదు, ఎందుకంటే అక్క చెల్లెల్ని పిలిపించేనాటికి ఆ అడ్డు తొలగి ఏళ్లు గడిచాయి.

ఇది చైనావాళ్ల సంగతి మాత్రమే కాదు. న్యూయార్క్‌లో యూదుల భాష యిద్దిష్‌లో వచ్చే పత్రిక 'ఫార్వర్డ్' పెళ్లాలను వదిలి మాయమైన భర్తల ఫొటోలు అచ్చువేసేది. అలాంటివాళ్లను వెతకడానికే 1911లో నేషనల్ డెజర్షన్ బ్యూరో పెట్టారు. యూదు మత నియమం ప్రకారం భర్త విడాకుల పత్రం ఇవ్వకపోతే భార్య మళ్లీ పెళ్లి చేసుకోలేదు, అతను బతికున్నాడో లేదో తెలియకపోయినా సరే. తెరచాప గారు చెప్పిన 'తెంచుకోకపోవడం' ఎంత క్రూరమో అక్కడ తెలుస్తుంది.

వెన్నెల:
నాకు మన ఆడవాళ్ల పాట 'ఊర్మిళాదేవి నిద్ర' గుర్తొచ్చింది. 14 ఏళ్ల తర్వాత లక్ష్మణుడు వచ్చి లేపితే ఊర్మిళ అతన్ని పరాయి మగాడనుకుని గద్దిస్తుంది. గుర్తుపట్టకుండా ఉండే వీలు ఆ పాట భార్యకు ఇచ్చింది. కింగ్‌స్టన్ కథలో అది భర్త చేతికి పోయింది. ముందు ఆమెను గుర్తే పట్టడు, తానెవరో ఆమే నిరూపించుకోవాలి. ఆ క్షణంలో ఆమె నోరు పెగలదు, మాట్లాడేదంతా అక్కే.

పాఠకురాలు:
వెన్నెల గారూ, నేను అంటున్నది సరిగ్గా అదేనండి, మాట్లాడేదంతా అక్కే! తెరచాప గారూ, భర్తను నేను వదిలేయడం లేదు. అతను ఆమెను ఎప్పుడో మరిచాడు, కొత్తగా చేసిన హాని తక్కువ. ప్రేమించే మనిషి ఆమె ఇష్టం ఏమిటో వినకుండా, భార్యగా గెలవాలని ముందుకు తోయడమే నాకు భరించరానిది.

తెరచాప:
వినాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ అక్క ఊరుకుని ఉంటే ఆ అబద్ధం ఇంకో 30 ఏళ్లు సాగేది. ఇంతకీ ఆ రెండో భార్య గురించి మనలో ఒక్కరమూ మాట్లాడలేదు, గమనించారా? అతని దగ్గరే పనిచేసే ఆ అమ్మాయికి, బయట కారులో కూర్చున్న ఆ ముసలామె ఎవరో ఎవరు చెప్పాలి?