కోర్నాయ్ షాక్ థెరపీ మనిషా, కాదా?

పాతపుస్తకాలు: హంగరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నాయ్ (1928–2021) సోషలిస్టు దేశాల్లో కొరతకు ప్లానర్ల చేతగానితనం కారణం కాదంటాడు. నష్టమొస్తే సర్కారు పూడుస్తుందని తెలిసిన ఫ్యాక్టరీ మేనేజరు, అక్కరున్నా లేకున్నా ఇనుమూ బొగ్గూ లాగి దాచుకుంటాడు. అందరూ అలా దాచుకుంటే ఎంత తయారైనా చాలదు. దీన్నే ఆయన ‘సాఫ్ట్ బడ్జెట్’ అన్నాడు, మన మాటలో మెతక పద్దు. ఇంతవరకు నాకు పేచీ లేదు. 1990 తర్వాత ఆ దేశాల్ని ఒక్కసారిగా మార్కెట్టులోకి తోసేసినప్పుడు (దాన్నే షాక్ థెరపీ అన్నారు) జనం నలిగిపోయారు కదా, ఆ పాపంలో ఆయన వాటా ఎంత?

లెక్కలవాడు: సున్నా. ప్రభుత్వ ఆస్తుల్ని ఉచితంగా పంచిపెట్టొద్దు, కొత్త ప్రైవేటు సంస్థలు కింది నుంచి ఎదగాలి అని 1989లోనే పుస్తకం రాశాడు. రష్యా 1992లో, సర్కారు సంస్థల్లో వాటాలు తీసుకోవడానికని, మనిషికో 10,000 రూబుళ్ల వోచరు పంచింది. అంటే ఆయన వద్దన్న పనే చేసింది.

కృష్ణాతీరం: సగం చెప్పి ఆపేశారేం మాస్టారూ? ధరల స్థిరీకరణ, అంటే ధరల పెరుగుదలకు కళ్లెం వేయడం మాత్రం ఆపరేషన్ చేసినట్టు ఒక్కసారే చేయాలని అదే పుస్తకంలో ఉంది. అది షాక్ కాదా?

లెక్కలవాడు: స్థిరీకరణ వేరు, ప్రైవేటీకరణ వేరు. పదేళ్ల తర్వాత ఆయనే లెక్క చూసుకుని, ఆస్తుల విషయంలో నా మాట నిలిచింది, స్థిరీకరణలో కొంత తప్పాను అని ఒప్పుకున్నాడు. ఎంతమంది ఆర్థికవేత్తలు అలా రాశారు?

కృష్ణాతీరం: తప్పాను అంటే పోయిన ప్రాణాలొస్తాయా? రష్యాలో మగవాళ్ల సగటు ఆయుష్షు 1990లో దాదాపు 64. 1994కి 58 లోపే.

లెక్కలవాడు: అది రష్యా. ఈయనది హంగరీ.

గోదారోడు: పాప్‌కార్న్ పట్టుకుని కూర్చున్నా.

మాస్కో_92: నేనప్పుడు అక్కడ చదువుకుంటున్నాను. సోవియట్ కొట్లో జున్ను కొనాలంటే మూడు క్యూలు. మొదటి దాంట్లో నిలబడి తూకం వేయించి ధర తెలుసుకోవాలి. రెండోది కస్సా, అంటే క్యాషు కౌంటరు. అక్కడ డబ్బు కట్టి చీటీ తెచ్చుకుని మళ్లీ మూడో క్యూ. ఈలోపు జున్ను అయిపోయేది. ‘అవోస్కా’ అని వల సంచి ఒకటి అందరి జేబులోనూ ఉండేది, దారిలో ఏదైనా దొరుకుతుందేమోనని. 1992 జనవరి 2న ధరల మీద సర్కారు అదుపు వదిలేశారు. కొట్లలోకి సరుకొచ్చింది. ఆ ఏడాదిలోనే ధరలు 25 రెట్లు దాటాయి. మా హాస్టల్ గుమ్మం దగ్గర కూర్చునే అవ్వ మెట్రో బయట నిలబడి తన బూట్లు అమ్ముకుంది. కొరతా చూశాను, కొరత పోవడమూ చూశాను. మీరిద్దరూ చూసినట్టు లేరు.

లెక్కలవాడు: క్యూలు పోయాయా లేదా? అది చెప్పండి.

మాస్కో_92: పోయాయి. అవ్వ దగ్గర డబ్బూ పోయింది.

పాతపుస్తకాలు: హంగరీలో క్యూలే లేవంటారు కదా? 1968 సంస్కరణలతో మాంసం దొరికేదట.

లెక్కలవాడు: మాంసం దొరికేది. కారు కోసం ముందే డబ్బు కట్టి ఏళ్లకేళ్లు ఆగాలి. మన స్కూటర్ల కథే.

కృష్ణాతీరం: స్కూటరు, కారు, జున్ను... మనిషి ఎక్కడండీ? మీకు పద్దు గట్టిగా ఉంటే చాలు. నష్టంలో ఉన్నది మూతపడాలి, అంతేగా?

లెక్కలవాడు: అవును, పడాలి. పడనివ్వకపోతే ఆ నష్టం ఎవరు కడతారు? మీరూ నేనూ.

కృష్ణాతీరం: మా నాన్న ఇరవై రెండేళ్లు పనిచేసిన సర్కారు మిల్లు అలాగే మూసేశారు. ‘మీ మిల్లు ప్రజల డబ్బు తింటోంది’ అని పేపర్లో పడితే ఆయన చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నెలరోజులు ఆ ముక్క జేబులోనే ఉంది.

లెక్కలవాడు: అయితే మీ గొడవ కోర్నాయ్‌తో కాదన్నమాట.

కృష్ణాతీరం: మీతోనే. ‘మూతపడాలి’ అని ఒక్క మాటలో తేల్చేశారు చూడండి, దానితో.

గోదారోడు: పాప్‌కార్న్ పక్కన పెట్టేశా అన్నా.

లెక్కలవాడు: మూతపడాలనే ఇప్పటికీ అంటాను. బకాయిలు వచ్చాయా?

కృష్ణాతీరం: సగం. ఆయన పోయాక.