ఇంజన్ పని చేయించాక బండి దారిలో ఆగిపోతోంది, కాస్త చెప్పండి

తెనాలి అంబీ:
పొద్దున్నుంచి బండి దగ్గరే ఉన్నాను, తల వాచిపోయింది. అంబాసిడర్ ఇంజన్ దింపి మొత్తం పని చేయించాను. ఎక్కించాక ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. కాసేపు తిరిగాక దగ్గుతూ దగ్గుతూ ఆగిపోతోంది. బ్యాటరీ కొత్తది, ట్యాంకు కడిగించాం, ఫిల్టర్ మార్చాం. మెకానిక్ ఏమో "కొత్త ఇంజన్ సార్, తిరిగితే సర్దుకుంటుంది" అంటాడు. ఇంకేం చూడాలి?

వీకే:
ఏ ఇంజన్? 1489 సీసీ పెట్రోలా, డీజిలా, 1800 సీసీ ఇసుజునా? ఎంతసేపటికి ఆగుతోంది? చల్లారితే స్టార్టవుతోందా?

పాతబండ్ల మాస్టారు:
ఇంజన్‌ని తిట్టేముందు పెట్రోల్ సంగతి చూడండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్. మన బండ్లు తయారైన కాలంలో ఇది లేదు. పాత రబ్బరు పైపుల్ని, ట్యాంకు నుంచి పెట్రోల్ లాగే పంపులో డయాఫ్రంని, అంటే లోపల ఆడే పల్చటి పొరని, ఇది ఉబ్బించి పాడుచేస్తుంది. నీటిని కూడా పీల్చుకుంటుంది. వాడకుండా నెలల తరబడి నిలబెట్టిన బండి ట్యాంకులో అడుగున ఏం చేరుతుందో ఎవరూ చూడరు. ఈ విషయం నేను ఎన్నాళ్ళుగానో చెబుతున్నాను, వినేవాళ్ళేరీ?

తెనాలి అంబీ:
మాస్టారూ, ఇంజన్ పనికి ముందు కూడా అదే పెట్రోల్ అండీ, ఎప్పుడూ ఆగలేదు. వీకే గారూ, 1984 మార్క్ 4, 1489 పెట్రోల్. ఇరవై నిమిషాలు నడిస్తే ఆగుతుంది. అరగంట బానెట్ ఎత్తి ఉంచితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

షెడ్డు బాబాయ్:
ముందే చెప్పొద్దా అబ్బాయ్! ఎయిర్ లాక్ అది. పంపు మీద తడిగుడ్డ వెయ్యి, పోతుంది.

పాతబండ్ల మాస్టారు:
ఎయిర్ లాక్ డీజిల్ బండికి. పైపులోకి గాలి చొరబడితే దాన్ని అలా అంటారు. ఇక్కడ పెట్రోలే వేడికి ఆవిరై పైపులో అడ్డుపడుతోంది. అది వేపర్ లాక్.

షెడ్డు బాబాయ్:
మా షెడ్డులో అన్నింటినీ ఎయిర్ లాకే అంటాం. బండికి ఇంగ్లీషు రాదు మాస్టారూ. తడిగుడ్డ వేస్తే కదులుతుంది.

వీకే:
పేరు ఏదైనా పెట్టుకోండి. ఆగిన వెంటనే స్పార్క్ చూశారా?

గోదారి గ్యారేజ్:
వీకే గారు అడిగిందే అసలు ప్రశ్న. ఆగిన నిమిషంలోనే ఒక ప్లగ్ విప్పి, వైరుకు తగిలించి, బ్లాకుకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. స్పార్క్ లేకపోయినా, పసుపుగా నీరసంగా వచ్చినా కండెన్సర్ మీదే అనుమానం. డెల్కోలో, అంటే ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో, కరెంటును తెంపి కలిపే పాయింట్ల పక్కన ఉండే చిన్న డబ్బా అది. వేడెక్కితే చచ్చి, చల్లారితే బతుకుతుంది. కొత్తది వేసినా నమ్మకం లేదు, ఇప్పుడు దొరికేవాటిలో నాసిరకం ఎక్కువ. పాయింట్ల మొహాలు నల్లగా మాడి ఉంటే ఇంక సందేహమే లేదు. మార్చాక పాయింట్ల గ్యాప్ 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు, పెట్టండి.

స్పార్క్ నీలంగా, గట్టిగా ఉంటే పెట్రోల్ వైపు రండి. ట్యాంకు మూత తీయగానే బుస్సుమంటే మూత రంధ్రం మూసుకుపోయినట్టే. అది కాకపోతే పంపు దగ్గరికి. పంపుకీ బ్లాకుకీ మధ్య లావుపాటి ప్యాకింగ్ ఉంటుంది, బ్లాకు వేడి పంపుకి ఎక్కకుండా. ఇంజన్ దింపినప్పుడు దాన్ని పారేసి పల్చటి కాగితం ప్యాకింగ్ వేసేవాళ్ళని చూశాను. దాంతో పంపు మాడుతుంది, లోపలి ఆర్మ్ కూడా పంపును నడిపే క్యామ్‌కి ఎక్కువ దగ్గరవుతుంది. వాల్వుల్ని తెరిచే టాపెట్ల సందు కూడా ఒకసారి చూపించండి. మరీ బిగుతుగా ఉంటే వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు, యాక్సిలరేటర్ వదిలితే స్లోలో ఇంజన్ నిలబడదు.

పాతబండ్ల మాస్టారు:
పంపు విప్పుతున్నారు కాబట్టి డయాఫ్రం కూడా చూడండి. నేను మొదట్లోనే అన్నాను.

తెనాలి అంబీ:
కండెన్సర్ మార్చాం, పంపు కింద లావు ప్యాకింగ్ వేయించాం. గుంటూరు వెళ్ళొచ్చాను, ఎక్కడా ఆగలేదు. అందరికీ థాంక్స్.

గోదారి గ్యారేజ్:
సంతోషం. పాత ప్యాకింగ్ ఎలా ఉంది, పల్చటిదేనా?

వీకే:
రెండూ ఒకేసారి మార్చారు. స్పార్క్ మాత్రం చూడలేదన్నమాట.